కీరన్‌కీ కిరణ్‌కీ చుట్టరికం లేదు: కెల్టిక్ మగపిల్లల పేర్ల అర్థాల చిక్కు

డబ్లిన్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఈమధ్య ఫోన్ చేశాడు. "అన్నా, బాబుకి పేరు చూస్తున్నాం. ఇక్కడి టీచర్లకీ నోరు తిరగాలి, ఊళ్ళో అమ్మమ్మకీ నోరు తిరగాలి. కీరన్ అనుకుంటున్నాం. అచ్చం మన కిరణ్‌లాగే ఉంది, అర్థం కూడా వెలుగే అయ్యుంటుంది కదా?"

వెలుగు కాదు. ఐరిష్‌లో 'కియర్' అంటే నలుపు. కీరన్ అంటే చిన్న నల్లనయ్య. ఆ మాట చెప్పగానే వాడికి టెన్షన్ పట్టుకుంది. "కంగారెందుకురా, కృష్ణుడి పేరుకి అర్థం ఏమిటి మరి?" అన్నాను. కాస్త కుదుటపడ్డాడు. 6వ శతాబ్దంలో క్లాన్‌మక్నోయిస్ మఠాన్ని స్థాపించిన ఐర్లండ్ సన్యాసి పేరు కూడా అదేనని చెప్పాక ఇంకాస్త కుదుటపడ్డాడు.

ఇలాంటి ఫోన్లు ఇప్పుడు చాలా ఇళ్ళల్లో నడుస్తున్నాయి. రియాన్, కియాన్, నీల్, షాన్, ఎయిడన్ లాంటి పేర్లు రెండు వైపులా చెల్లుతాయని పెడుతున్నారు. ఇంటర్నెట్లో వెతికితే ప్రతి పేరు పక్కన ఒక్క ముక్కలో అర్థం కనిపిస్తుంది: 'చిన్న రాజు', 'వీరుడు', 'దేవుడి దయ'. ఆ ఒక్క ముక్కతోనే చిక్కంతా. ఏ భాషలో అర్థం, ఏ కాలపు అర్థం, అసలు అది పేరా, ఇంటిపేరా, వాగు పేరా అన్నది అందులో ఉండదు. ఇంకో తమాషా ఏమిటంటే, మన పేర్లలా వినిపించేవి చాలావరకు మనకు చుట్టాలు కావు. నిజంగా చుట్టరికం ఉన్నవేమో వింటే గుర్తుపట్టలేం.

## 'కెల్టిక్' అనేది ఒక భాష కాదు

కెల్టిక్ అనేది ఒక భాషా కుటుంబం పేరు. ఈనాటికి మిగిలినవి రెండు కొమ్మలు. ఒక కొమ్మలో ఐర్లండ్ ఐరిష్, స్కాట్లండ్ గేలిక్, మాన్ దీవి మాంక్స్. రెండో కొమ్మలో వేల్స్ వాళ్ళ వెల్ష్, ఇంగ్లండ్ నైరుతి మూలనున్న కార్నిష్, ఫ్రాన్స్ పడమటి కొసన బ్రెటన్. 'కెల్టోయ్' అన్నది ప్రాచీన గ్రీకులు యూరప్ ప్రధాన భూభాగంలోని జనాలకు వాడిన మాట. దాన్ని ఈ భాషలన్నిటికీ కలిపి పెట్టి స్థిరపరిచింది 1707లో ఎడ్వర్డ్ ల్యూడ్ అనే వెల్ష్ పండితుడు. అంటే మధ్యయుగపు ఐరిష్ రాజెవరూ తనను తాను 'కెల్ట్' అనుకోలేదు. అందుకే కొందరు పురావస్తు శాస్త్రవేత్తలు ఈ మాటను జనాలకు వాడొద్దంటారు. భాషావేత్తలు మాత్రం కుటుంబం ఒకటే కాబట్టి భాషలకు వాడటం సబబే అంటారు. పేర్ల విషయంలో రెండో వాదనతోనే పని జరుగుతుంది. కాకపోతే 'కెల్టిక్ పేరు' అనడం, మన దగ్గర 'ద్రావిడ పేరు' అన్నట్టుంటుంది. తెలుగా, తమిళమా, కన్నడమా అని వెంటనే అడగాల్సిందే.

రెండు కొమ్మలకూ తేడా చెప్పే చిన్న గుర్తు ఒకటుంది. కొన్ని మాటల్లో ఐరిష్ కొమ్మలో 'క' ఉన్నచోట వెల్ష్ కొమ్మలో 'ప' వస్తుంది. తలకాయ ఐరిష్‌లో 'క్యన్', వెల్ష్‌లో 'పెన్'. కొడుకు ఐరిష్‌లో 'మక్', పాత వెల్ష్‌లో 'మప్'. ఆ మప్ అరిగి అరిగి 'అప్', 'అబ్' అయింది. ఐరిష్, స్కాటిష్ ఇంటిపేర్లలో మక్ నిలబడిపోయింది. వెల్ష్ ఇంటిపేర్లలో ఒక్క అక్షరమే మిగిలింది. అప్ రీస్ కాస్తా ప్రైస్ అయింది, అప్ హవెల్ పావెల్ అయింది, అబ్ ఒవైన్ బోవెన్ అయింది. ఆ 'ప', 'బ' లో ఒక తండ్రి దాక్కున్నాడు.

## మెకంజీ దొర ఎవరి కొడుకు?

కైఫియ్యతుల పేరు వినని తెలుగు చరిత్ర పాఠకుడు ఉండడు. కావలి సోదరుల సాయంతో ఊరూరి చరిత్రలు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి మనిషి. ఆయన పేరునే విప్పి చూద్దాం.

మెకంజీ అంటే మక్ + కోన్యఖ్. కోన్యఖ్ కొడుకు అని. ఇంగ్లీషులో 'జ'లా చదివే ఆ అక్షరం, పాత స్కాట్ రాతలో 'య'కు దగ్గరి ధ్వనికి వాడిన అక్షరం. అచ్చు యంత్రాలు వచ్చాక దాని బదులు ఇంగ్లీషు చివరి అక్షరం వాడేశారు, జనం అలాగే చదవడం మొదలుపెట్టారు. కోన్యఖ్ అంటే అందగాడు. దీన్ని ఇంగ్లీషులో కెన్నెత్ అని రాస్తారు. కానీ కెన్నెత్ అనే రాత వెనక ఇంకో పేరు కూడా ఉంది: కినైద్. 858లో చనిపోయిన స్కాట్లండ్ రాజు కెన్నెత్ మకాల్పిన్ అసలు పేరు కినైద్. దానికి నిప్పుతో ముడిపెట్టి కొందరు అర్థం చెబుతారు, పిక్ట్ అనే వేరే జాతి పేరని కొందరంటారు. అంటే కెన్నెత్ అనే ఒక్క పేరులో రెండు వేర్వేరు పేర్లు కలిసిపోయాయి. ఒక పట్టికలో 'అందగాడు' అనీ ఇంకో పట్టికలో 'నిప్పులోంచి పుట్టినవాడు' అనీ కనిపిస్తే, రెండూ ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది కదా.

ఇక కాలిన్. ఇంగ్లండ్‌లో కాలిన్ అంటే నికొలస్‌కు ముద్దుపేరు. స్కాట్లండ్‌లో అది గేలిక్ 'కాలన్', కుక్కపిల్ల అని అర్థం చెబుతారు. రాత ఒకటే, ఊరు మారితే అర్థం మారుతుంది.

మక్ అంటే కొడుకు అయితే 'ఓ' అంటే మనవడు, వంశస్థుడు. 2011 ప్రపంచ కప్పులో బెంగళూరులో ఇంగ్లండ్‌ను చితక్కొట్టిన కెవిన్ ఓబ్రయన్ గుర్తున్నాడా, 63 బంతుల్లో 113? ఓబ్రయన్ అంటే బ్రయన్ వంశస్థుడు. ఆ బ్రయన్, 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన రాజు బ్రయన్ బోరు. కెవిన్ ఐరిష్ రూపం క్వీవీన్. 'క్వీవ్' అంటే మృదువైన, ముద్దొచ్చే. ఆ రోజు బౌలర్లకు మాత్రం ఆ మృదుత్వం కనిపించలేదు.

## నిప్పు, కుక్క, ఎలుగు: అసలు చుట్టాలు

1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రసంగించాడు. అదే ప్రసంగంలో కెల్టిక్ పేరు కూడా ఎత్తాడు. ఆయన తండ్రిది వేల్స్ దేశమే. ఆ చుట్టరికం తర్వాత పక్కాగా రుజువైంది. తెలుగు ద్రావిడ భాష కాబట్టి మనకు నేరుగా సంబంధం లేదు. కానీ మనం రోజూ వాడే సంస్కృత మాటల ద్వారా దొడ్డిదారిన చుట్టరికం కలుస్తుంది.

ఎయిడన్‌ను తీసుకోండి. ఐరిష్‌లో ఎయోదాన్ అని రాస్తారు. 'ఎయోద్' అంటే నిప్పు, 'ఆన్' అంటే చిన్న. చిన్న నిప్పు. ఈ ఎయోద్ వెనకున్న ధాతువే సంస్కృతంలో 'ఇంధ్'. మన ఇంధనం, హోమంలో వేసే సమిధ, రెండూ దాని పిల్లలే. ఎయిడన్‌కీ సమిధకీ బంధుత్వం ఉందని చెవితో వింటే ఎవరు నమ్ముతారు?

రోరీ అన్న పేరు పాత ఐరిష్‌లో 'రువద్' + 'రీ'. ఎర్ర రాజు. రువద్ మన రుధిరానికీ, రోహిత్‌కీ దాయాది. రీ మన రాజుకు దాయాది. ఫెర్గస్‌లో 'ఫెర్' అంటే మగాడు, మన 'వీర' అదే. 'గుస్' అంటే సత్తువ. 'ఆర్ట్' అంటే ఎలుగుబంటి, సంస్కృత 'ఋక్ష'కు తోబుట్టువు. ఐరిష్ పురాణాల్లో ఆర్ట్ పేరున్న రాజు ఉన్నాడు. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అనే మనకు అది వింతేం కాదు.

కుక్క దగ్గర మాత్రం మనవాళ్ళు ఆగిపోతారు. కానర్, కానల్, కోనన్ ఈ మూడింట్లోనూ మొదటి ముక్క 'కోన్' అంటే వేటకుక్క. ఐరిష్ వీరగాథల్లో అందరికంటే పెద్ద వీరుడు కూహులన్. వాడి అసలు పేరు షేదంత. కులన్ అనే కమ్మరి కాపలాకుక్కను చంపి, దాని బదులు తనే కాపలా కాస్తానని మాటిచ్చాడు. అందుకే 'కులన్ కుక్క' అని పేరు. అక్కడ అది బిరుదు. మన దగ్గర తిట్టు. కానీ ఒక్కసారి ఆలోచించండి: శౌనకుడు, శునశ్శేపుడు అన్న పేర్లలో ఉన్నది శునకమే. ఆ 'శ్వన్', ఈ 'కూ' ఒకే మూలంలోంచి వచ్చినవి.

డోనాల్డ్ గేలిక్‌లో డోన్నల్. మూలరూపంలో మొదటి సగం 'లోకం', రెండో సగం 'ఏలిక'. అచ్చంగా జగపతి. ఆ పేరున్న అమెరికా అధ్యక్షుడి తల్లి పుట్టింది కూడా మన మెకంజీ పుట్టిన లూయిస్ దీవిలోనే.

ఇందాక వచ్చిన 'ఆన్' సంగతి. అది మన చిన్ని, బుజ్జి లాంటి తోక. రోనన్ అంటే చిన్న సీల్ జంతువు, రోవన్ అంటే చిన్న ఎర్రనయ్య, కీరన్ చిన్న నల్లనయ్య. 'ఈన్' కూడా అలాంటిదే: ఉషీన్ అంటే జింకపిల్ల. ఈ పేర్లన్నీ చివర ఒకేలా ఎందుకు మోగుతాయో ఇదీ కారణం. అమెరికాలో జనానికి నచ్చింది ఆ మోతే. అదే మోతతో జేడన్, కేడన్ లాంటివి కూడా పుట్టుకొచ్చాయి. వాటిలో కెల్టిక్ అర్థం వెతకడం వృథా.

## గుండు చేయించుకున్న భక్తుడు

మాల్కమ్ అంటే 'పావురం' అని చాలా పట్టికల్లో రాసి ఉంటుంది. సగమే నిజం. అసలు రూపం మయిల్ కొలుమ్. కొలుమ్ అంటే లాటిన్ నుంచి వచ్చిన 'పావురం', కానీ ఇక్కడ అది ఒక మనిషి. 563లో ఐర్లండ్ నుంచి వెళ్ళి అయోనా దీవిలో మఠం కట్టిన కొలంబా. 'మయిల్' అంటే గుండు, జుట్టు తీయించుకున్నవాడు. మొత్తం కలిపితే కొలంబా స్వామికి జుట్టు సమర్పించిన భక్తుడు. తిరుమలలో తలనీలాలిచ్చిన మనకు ఈ పేరు ఇంగ్లీషువాళ్ళకంటే తొందరగా అర్థమవుతుంది. 'గిల్' కూడా ఇదే పని చేస్తుంది: గిల్‌క్రిస్ట్ అంటే క్రీస్తు దాసుడు. రామదాసు, శివదాసు వరసలోది. ఆడమ్ గిల్‌క్రిస్ట్ డెక్కన్ ఛార్జర్స్‌కు 2009లో కప్పు తెచ్చిపెట్టినప్పుడు హైదరాబాద్ అంతా 'గిల్లీ' అని అరిచింది. అంటే 'దాసూ, దాసూ' అని అరిచినట్టే.

కొలంబా పేరు విడిగా కూడా బతికింది. కొల్మ్, కాలమ్ ఆయన పేరే.

## ఐరిష్ చొక్కా వేసుకున్న పరాయి పేర్లు

లియామ్ 2017 నుంచి ఏళ్ళ తరబడి అమెరికాలో మగపిల్లల పేర్లలో మొదటి స్థానంలో ఉంది. ఐరిష్ పేరే, అందులో సందేహం లేదు. కానీ మూలం కెల్టిక్ కాదు. 1169 తర్వాత ఐర్లండ్‌లో దిగిన నార్మన్లతో వచ్చిన విలియం, ఐరిష్ నోట్లో 'ఇల్యమ్' అయింది. ముందు భాగం పోయి తోక మిగిలింది, వెంకటరమణ రమణ అయినట్టు. జర్మానిక్ మూలంలో అర్థం సంకల్పం, శిరస్త్రాణం.

జాన్ సంగతి ఇంకా పెద్దది. హీబ్రూ యోహానాన్, 'దేవుడు దయచూపాడు' అని అర్థం, ఒక్కో కొమ్మలో ఒక్కో వేషం వేసింది. ఐరిష్‌లో లాటిన్ నుంచి ఓయిన్, నార్మన్ ఫ్రెంచ్ నుంచి షాన్. స్కాట్లండ్‌లో ఇయాన్. వేల్స్‌లో ఇవాన్, ఇంగ్లీషు రాతలో ఎవాన్. బ్రెటన్‌లో యాన్. సన్‌రైజర్స్‌కు ఆడిన డబ్లిన్ కుర్రాడు, తర్వాత 2019లో ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్పు అందించిన మోర్గాన్ మొదటి పేరు ఈ ఓయిన్. మన వార్తల్లో దాన్ని ఇయాన్ అని రాసినవాళ్ళు, మోర్గన్ కోపగించుకున్నా, తెలియకుండానే సరైన తోబుట్టువును పట్టుకున్నారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది హేమిష్. జేమ్స్‌కు గేలిక్ రూపం షేమస్. దాన్ని పిలిచేటప్పుడు మొదటి హల్లు మెత్తబడి 'ఎ హేమిష్!' అవుతుంది. ఆ పిలుపు విన్న ఇంగ్లీషువాళ్ళు అదే పేరనుకున్నారు. తెలుగు రానివాడు "రామా, ఇటు రా" అన్న మాట విని, రాముడి పేరు 'రామా' అని రాసుకున్నట్టు.

## వంకర ముక్కును సరిచేసిన పట్టికలు

ఇంటిపేర్లు, ఊరిపేర్లు కూడా ఇప్పుడు పిల్లల పేర్లయిపోయాయి. గ్లెన్ అంటే లోయ, క్రెయిగ్ అంటే బండరాయి, రాస్ అంటే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల, కైల్ అంటే ఇరుకైన జలసంధి, లోగన్ అంటే చిన్న పల్లం, డగ్లస్ అంటే నల్ల వాగు. వీటిలో వీరుడూ లేడు, రాజూ లేడు. సన్‌రైజర్స్ అభిమానులు 'కేన్ మామ' అని పిలుచుకున్న విలియమ్సన్ పేరు కూడా ఐరిష్ ఇంటిపేరు 'ఓ కహాన్' దారినే మొదటి పేరైంది. దాంట్లో 'కహ్' అంటే యుద్ధం.

కొన్ని అర్థాలు పట్టికలకు ఇబ్బంది. కామెరాన్ అంటే గేలిక్‌లో వంకర ముక్కు. క్యాంప్‌బెల్ అంటే వంకర మూతి. ఎవరో పూర్వీకుడికి ఊరు పెట్టిన వెక్కిరింపు పేరు వంశానికి అంటుకుపోయింది. మన పల్లెల్లో ఇది మామూలే. క్యాంప్‌బెల్‌లు తర్వాత గొప్పవాళ్ళయ్యారు, 'అందమైన పొలం' అనే లాటిన్ అర్థం ఒకటి అల్లుకొచ్చింది. పలకని 'ప' ఆ పేరు రాతలో దూరింది కూడా ఆ మోజుతోనే. 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన ఎ.డి. క్యాంప్‌బెల్ ఈ ఇంటిపేరువాడే, 'డి' అంటే డంకన్, అదీ గేలిక్ పేరే. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి వాదించింది ఆ వ్యాకరణం ముందుమాటలోనే. కెన్నెడీ విషయంలో తగువు ఇంకా ఉంది: 'క్యన్' తల అని అందరూ ఒప్పుకుంటారు. ఆ తల వికారమైనదా, శిరస్త్రాణం పెట్టుకున్నదా అన్న దగ్గర రెండు పక్షాలు.

ఇక మనవాళ్ళకు ఎక్కువ ఇష్టమైన రియాన్. 'చిన్న రాజు' అని అంతటా రాస్తారు. రీ అంటే రాజు, ఆన్ అంటే చిన్న, లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఇది ఓ రియన్ అనే ఇంటిపేరులోంచి వచ్చింది. రియన్ అనే పాత పేరు అర్థం తేలలేదని పండితులు చెబుతారు. 'చిన్న రాజు' తప్పని రుజువు కాలేదు, ఒప్పని కూడా కాలేదు. కియాన్ కాస్త నయం: ఐరిష్ 'కీయన్' అంటే దూరపు, చిరకాలపు. అదే పలుకు పర్షియన్‌లో రాజులకు సంబంధించిన పేరు. ఏ కియాన్ అన్నది పెట్టినవాళ్ళు చెప్పాల్సిందే.

## రాసేదొకటి, పలికేదొకటి

2024లో ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్న మర్ఫీ మొదటి పేరును మనవాళ్ళలో సగంమంది 'సిలియన్' అన్నారు. కిలియన్. ఐరిష్‌లో, వెల్ష్‌లో పేరు మొదట్లో ఉన్న ఆ 'సి' అక్షరాన్ని 'క'గానే పలుకుతారు. ఆ అవార్డు పేరు ఆస్కార్ కూడా ఐరిష్ కథల్లోని కుర్రాడి పేరు, ఉషీన్ కొడుకు. 'జింకల నేస్తం' అని అర్థం చెబుతారు. 1760ల్లో మక్‌ఫెర్సన్ అనే స్కాట్ కవి ఆ కథల్ని తనకిష్టమైనట్టు తిరగరాసి ప్రాచీన కావ్యమని అచ్చువేశాడు. అవి నెపోలియన్‌కు పిచ్చిగా నచ్చాయి. తన సేనాని కొడుక్కి ఆస్కార్ పేరు పెట్టడం వెనక ఆయనే ఉన్నాడు. ఆ పిల్లాడే 1844లో స్వీడన్ రాజయ్యాడు.

ఐరిష్ రాత పిచ్చిరాత కాదు, దానికి నియమాలున్నాయి. హల్లు పక్కన 'హ' గుర్తు పెడితే ఆ హల్లు మెత్తబడుతుంది లేదా మాయమవుతుంది. పాత లిపిలో దాని బదులు అక్షరం మీద చుక్క పెట్టేవారు, మనకు వత్తులున్నట్టు. అందుకే పొడుగ్గా కనిపించే పేరు పలికితే పొట్టిగా ఉంటుంది. కవి అనే అర్థమున్న 'టైగ్' రాతలో ఐదక్షరాలు. ఇంగ్లీషు పాలనలో గుమాస్తాలు ఈ తలనొప్పి పడలేక దగ్గర్లో ఉన్న పేరు తగిలించేవారు: టైగ్‌కు తిమోతి, కానర్‌కు కార్నీలియస్, డీర్మిడ్‌కు జెరెమయా. అర్థంలో ఏ పొంతనా లేదు. 1893లో గేలిక్ లీగ్ పుట్టి భాషోద్యమం ఊపందుకున్నాక పాత పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

## ఇంకా తేలని తగవులు

గోదావరి జిల్లాల్లో ఆర్థర్ పేరు తెలియని ఇల్లుండదు, ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర వల్ల. ఆ పేరు ఎక్కడిది? వెల్ష్‌లో 'అర్థ్' అంటే ఎలుగు కాబట్టి కెల్టిక్ అని ఒక వాదం. రోమన్ల కుటుంబ పేరు ఆర్టోరియస్ నుంచి వచ్చిందని ఇంకోటి. ధ్వని మార్పుల ప్రకారం రెండోదానికి అడ్డంకి లేదు. మొదటిదానికి పేరులోని రెండో సగాన్ని వివరించడం కష్టం. అయినా మధ్యయుగపు వెల్ష్ వాళ్ళ చెవికి అందులో ఎలుగు వినిపించే ఉంటుంది. ఒవెన్ కూడా ఇంతే: 'యూ' అనే చెట్టు నుంచి పుట్టినవాడని కొందరు, గ్రీకు నుంచి వచ్చిన యూజీనియస్ అని కొందరు.

అసలు ఇదంతా పట్టించుకోవాలా అనేవాళ్ళూ ఉన్నారు. డబ్లిన్‌లో షాన్ అని పేరు పెట్టే తల్లి హీబ్రూ గురించి ఆలోచించదు, తాతగారిని తలుచుకుంటుంది. ఎనిమిది వందల ఏళ్ళు ఐర్లండ్‌లో బతికిన పేరును ఐరిష్ కాదనడం చాదస్తమే. మరోవైపు అర్థం చూసే పేరు కొనుక్కుంటున్నవాళ్ళకు తప్పుడు అర్థం అంటగట్టడం మోసమే. నా మటుకు నాకు మూలం ఒకటి, బతుకు ఒకటి. పట్టికలో రెండు గళ్ళుండాలి.

మా తమ్ముడు చివరికి ఎయిడన్ దగ్గర ఆగాడు. అమ్మమ్మకు ఫోన్లో సమిధ కథంతా చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, "సరే నాయనా, పిల్లాణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారు?" అంది.

"చిన్నా అనే పిలుస్తున్నాం అమ్మమ్మా."

ఆ 'ఆన్' అర్థం అదేనని వాడికి గుర్తురాలేదు, నేనూ మధ్యలో దూరలేదు.